తల్లి లేని పిల్లలు పాత కోళ్లల్ల ఎట్ల కలువాలె: మన పెరటి కోళ్ల పాత ముచ్చట

ఈసారి వడ్ల ముచ్చట గాదు, కోళ్ల ముచ్చట. కొంచెం పొడుగు ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

పోయిన ఏడాది వానకాలం మా ఇంట్ల తొమ్మిది నాటుకోళ్లు ఉండె. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. మా ఇంటామె సంఘంల తీసుకున్న పైసలల్లకెల్లి కొన్ని పెట్టి ఇరవై కోడిపిల్లలను కొన్నది. నెల రోజుల పిల్లలు, రంగురంగులవి, మంచిగ ఉరుకుతున్నయ్. ఏడ పెడుదామని నన్ను అడిగింది. నేనేమన్న? "ఏడ పెట్టుడేంది, కోళ్లే గదా, వాకిట్ల ఇడిసిపెట్టు, కలిసిపోతయ్" అన్న. పొలంకాడ నాట్లు పడుతున్నయ్, నాకు తొందర.

పొద్దుగూకేసరికి రెండు పిల్లలు పోయినయ్. ఒకదాని నెత్తి మీద తోలు లేదు, మా పెట్టలే పొడిచినయ్. ఇంకోటి పొడుపులకు తాళలేక ఉరికి కుడితి గోలెంల పడ్డది. మిగిలినవి కట్టెల మోపు సందుల జొచ్చి కూసున్నయ్, మేతకు రాలె, నీళ్లకు రాలె. ఆరో నాడు కొత్తవాటిల్ల కొన్ని రెక్కలు ఏలాడేసి తూగుడు షురువు చేసినయ్. ఆకుపచ్చ పెంట, కొన్నిటికి మెడ ఒంకర తిరిగింది. తర్వాత మా పాతవాటికి అంటుకున్నది. పదిహేను దినాలల్ల ఇరవై తొమ్మిదింట్ల నాలుగు మిగిలినయ్. కొత్తవాటిల్ల మూడు పెట్టలు, పాతవాటిల్ల పుంజు ఒక్కటే.

పైసలు పోయిన బాధ ఉండనే ఉన్నది. కానీ మా ఇంటామె ఏడ్చింది పైసలకు గాదు. పోయిన ఎనిమిదింట్ల ఒక నల్లపెట్ట ఉండె. అది మా అవ్వ సాదిన కోళ్ల సంతతి. అవ్వ పోయి పన్నెండేండ్లు అయింది. ఆ నల్లపెట్ట తల్లి, దాని తల్లి, అన్నీ మా ఇంట్ల పొదిగినవే. ఏడాదికి రెండుసార్లు పొదుగుకు కూసుంటుండె, పదింటికి ఎనిమిది పిల్లలను సాదుకొస్తుండె. ఇప్పుడు మా వాకిట్ల పొదిగే కోడి లేదు.

అప్పుడు నాకు ఒక అనుమానం పట్టుకున్నది. మా అవ్వ డెబ్బై ఏండ్లు కోళ్లు సాదింది. కొత్త పిల్లలను పాత కోళ్లల్ల ఎట్ల కలపాలె అని ఆమె ఏనాడన్న పరేషాన్ అయిందా? నాకు యాదికున్నంత వరకు కాలే. మరి మనకెందుకు వచ్చింది ఈ తిప్పలు? ఆ పుస్తకం, ఈ పుస్తకం చూసి, పశువుల డాక్టర్లను అడిగి, ఫోన్ల వెతికి ఏడాది సంది పోగుచేసుకున్నది ఇది.

ముందుగాల మా అవ్వ కాలం చెప్త. పెట్ట గుడ్లు పెట్టుడు ఆపి, గంపల కూసోని లేవకుంటె, దగ్గరికి పోతె ఈకలు నిక్కబొడిచి గుర్రుమంటె, అది పొదుగుకు వచ్చినట్టు. అవ్వ పాత గంపల ఊక పోసి, మీద గడ్డి పరిచి, గుడ్లకు బొగ్గుతోని గీత పెట్టి కింద ఏసేది. గీత ఎందుకంటె, వేరే పెట్టలు అండ్లనే కొత్త గుడ్లు పెట్టిపోతయ్, అవి ఏరి తీయాలె గదా. ఇరవై ఒక్క దినాలు. పిల్లలు లేచినంక రెండు మూడు దినాలు గంప బోర్లేసి తల్లిని, పిల్లలను ఒక్కదగ్గరనే ఉంచేది, నూకలు చల్లేది. గంప సందులకెల్లి మిగతా కోళ్లు తొంగిచూసేటియి, లోపలి పిల్లలు వాటిని చూసేటియి. నాలుగోనాడు గంప లేపేది.

ఇగ చూడాలె తల్లికోడి తీరు. అంతకుముందు పుంజు దగ్గర, పెద్ద పెట్టల దగ్గర ఒదిగి ఉన్న కోడే, పిల్లలతోని వాకిట్లకు వచ్చిందంటె రెక్కలు కిందికి జార్చి, ఈకలు లేపి, ఇంటి కుక్కను సుత ఉరికిస్తది. ఏ పెట్టన్న పిల్లను ఒక్క పోటు పొడిచిందంటె దాని మీద పడుతది. రెండు మూడు కొట్లాటలు అయినంక ఎవ్వలూ ఆ పిల్లల జోలికి పోరు. నెలన్నర, రెండు నెలలు అట్ల ఎంబడి తిప్పుకుంటది. ఆ దినాలల్లనే పిల్లలకు అన్నీ తెలుస్తయ్: మేత దగ్గర ఎవరు ముందు తింటరు, ఎవరు కన్నెర్ర చేస్తె పక్కకు జరగాలె, గద్ద నీడ పడుతె ఏ సందుకు ఉరుకాలె. ఆఖరికి ఒకనాడు తల్లే వాటిని పొడిచి ఎడబాపుతది. అప్పటికి అవి మందల మనుషులు అయిపోతయ్. కోళ్లను మనుషులు అంటున్నని నవ్వకుండ్రి, మా అవ్వ అట్లనే అనేది.

అంటె కలుపుడు అనే పని ఉండనే ఉండె. అది అవ్వ చెయ్యలే, తల్లికోడి చేసింది.

ఈ పద్ధతి ఎంత పాతదో తెలుసుకుందామని ఎనకకు పోయిన. కోడి అసలు అడవి పక్షి. ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి అని శాస్త్రవేత్తలు తేల్చిన్రు. 2022ల ఒక పెద్ద పరిశోధన వచ్చింది. థాయిలాండ్ల బాన్ నాన్ వాట్ అనే పాత ఊరును తవ్వితే దొరికిన కోడి బొక్కలు ఇప్పటిదాక తెలిసిన ఇంటికోడి బొక్కలన్నిట్ల పాతవి అని తేల్చిన్రు. క్రీస్తుకు ముందు 1650కి, 1250కి నడిమి కాలానివి. ఎందుకు అక్కడ? వాళ్లు చెప్పే కారణం మనసొంటోళ్లకు జెప్పున అర్థమైతది. అక్కడ మనుషులు వరి, చిరుధాన్యాలు పండించుడు మొదలుపెట్టిన్రు. కల్లంల, గుమ్మి కింద రాలిన గింజల కోసం అడవికోళ్లు ఊర్లకు వచ్చినయ్. మనిషి కోడిని పట్టుకురాలె, వరి గింజ కోడిని పిలుచుకొచ్చింది. మన పెద్దపల్లి దిక్కు పోచంపాడు కాలువ నీళ్లు వచ్చి వరి పెరిగినంక ఏ కల్లం కాడ చూసినా కోళ్లే కనబడుతయి గదా, అదే కథ మూడు వేల ఏండ్లకు పైన సంది నడుస్తున్నది.

మన గోదావరికి సుత ఇండ్ల ఒక పాత్ర ఉన్నది. ఎర్ర అడవికోడి ఉత్తరం దిక్కు అడవులది, బూడిద రంగు అడవికోడి దక్షిణం దిక్కుది. ఈ రెండింటికి గోదావరి ఇంచుమించు సరిహద్దు అని పక్షుల గురించి రాసినోళ్లు చెప్తరు. ఇంకో మాట. మన ఇంటికోళ్లకు కాళ్లు పచ్చగ ఎందుకుంటయ్? ఎర్ర అడవికోడికి ఆ గుణం లేదు. అది బూడిద అడవికోడి నుంచి కలిసిందని 2008ల తేలింది. అంటె ఇంటికోడిల మన దక్షిణాది అడవి రక్తం సుత ఉన్నదన్నట్టు. కోడిని కొనేటప్పుడు కాళ్ల పసుపు చూసి మంచిదనేటోళ్లు ఉంటరు, వాళ్లకు చెప్పుండ్రి ఈ ముచ్చట.

అడవిల సుత కోళ్లు గుంపుగనే బతుకుతయ్. గుంపు అన్నంక పెద్దరికం ఉంటది. దీన్ని మొదటగాల లెక్కగట్టి రాసిన మనిషిది నార్వే దేశం. పేరు థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె, 1894ల పుట్టిండు. నోరు తిరగని పేరే, కానీ కోళ్లు సాదేటోళ్లు తెలుసుకోవాల్సిన పేరు. చిన్న పిలగానిగ ఉన్నప్పటి సందే కోళ్ల ముంగట కూసోని ఏది దేన్ని పొడిచింది, ఏది ఎవరికి దారి ఇచ్చింది అని రాసుకునేటోడు. పెద్దగైనంక అదే పని మీద డాక్టరేట్ తీసుకున్నడు, 1922ల జర్మన్ భాషల అచ్చేసిండు. ఆయన చెప్పింది ఏందంటె, కోళ్లల్ల పొడుపుకు ఒక వరుస ఉంటది. మొదటిది అందర్నీ పొడుస్తది, దాన్ని ఎవరూ పొడువరు. రెండోది మొదటిదాన్ని ఇడిసి మిగతావాటిని పొడుస్తది. అట్ల కిందికి పోతె ఆఖరుది అందరితోని పొడుపులు తింటది, తాను ఎవర్నీ పొడువలేదు. కొన్నిసార్లు వరుస ఒంకర సుత పోతది, మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని పొడుస్తది. ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసులల్ల ఎవరు ఎవరి కింద అని చెప్పనీకి వాడే ఇంగ్లీషు మాట ఆ నార్వే పిలగాని కోళ్ల దగ్గర పుట్టిందే.

దీంట్ల మన పనికొచ్చేది ఏందంటె, వరుస ఒక్కసారి కుదిరిందంటె కొట్లాట తక్కువైతది. కిందిది పై దాని నెత్తి, జుట్టు చూసి గుర్తుపట్టి పక్కకు జరుగుతది, పొడువాల్సిన పని లేదు. కొత్త కోడి వచ్చినప్పుడల్ల వరుస కదులుతది, మళ్ల మొదటి నుంచి తేలాలె. అమెరికాల గూల్, ఆలీ అనే ఇద్దరు 1944ల దీన్ని పరీక్ష చేసి చూపిన్రు. కొన్ని గుంపులను కదిలించకుంట ఉంచిన్రు, కొన్నిట్ల కోళ్లను మాటిమాటికి మార్చుకుంట పోయిన్రు. మార్చిన గుంపులల్ల పొడుపులు ఎక్కువ, తినుడు తక్కువ, గుడ్లు సుత తక్కువ. వారానికి ఒక్క పుంజును అమ్మి, ఇంకో పెట్టను తెచ్చి ఏసే అలవాటు మనోళ్లకు ఉన్నది. "గుడ్లు ఎందుకు తగ్గినయ్ రా" అంటె "దిష్టి తగిలింది" అంటం.

పొడుపు ఆపనీకి తెల్లోళ్లు ఏం చేసిన్రో వినుండ్రి. అమెరికాల 1903ల ఒకాయన కోళ్లకు కండ్లద్దాలు తయారుచేసి పేటెంట్ తీసుకున్నడు. పొడుపుల నుంచి కన్ను కాపాడనీకి. తర్వాత ఎర్ర అద్దాలు పెట్టిన్రు, రక్తం రంగు కనబడకుంటె ఎగబడవని. ఆఖరికి అవి పోయి ముక్కు కోసుడు వచ్చింది, ఇప్పటికీ గుడ్ల ఫారాలల్ల నడుస్తున్నది. వాకిట్ల తిరిగే కోడికి అది పనికిరాదు. పురుగు ఏరుకొని తినాలన్నా, పిల్లిని ఎదిరియ్యాలన్నా దానికి ఆ ముక్కే దిక్కు.

ఇప్పుడు అసలు మలుపుకు వస్త. తల్లి ఎట్ల పోయింది?

తల్లి లేకుంట పిల్లలను లేపుడు కొత్తదేం గాదు, ఈజిప్టుల వేల ఏండ్ల కిందనే మట్టి పొయ్యిలల్ల వేల గుడ్లు పొదిగించేటోళ్లు. మన దగ్గర అది పెద్దగ వచ్చింది మాత్రం నా చిన్నతనంల. 1971ల బి.వి. రావు గారు వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన్రు. 1982ల గుడ్ల రేటు రైతే చెప్పాలని ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ వచ్చింది. హైదరాబాద్ చుట్టూ తెల్లకోళ్ల ఫారాలు లేచినయ్. ఆ తెల్ల లెగ్‌హార్న్ పెట్ట పొదుగుకు కూసోదు. కూసోకుంటనే గదా ఏడాదికి మూడు వందల దాక గుడ్లు పెట్టేది. పొదుగుకు కూసున్న పెట్ట ఇరవై ఒక్క దినాలు, మళ్ల పిల్లలతోని తిరిగే రెండు నెలలు గుడ్డు పెట్టదు. అందుకే మన నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్ల మీద పోదు. గుడ్లు కావాల్నంటె తల్లితనం ఇడువాలె. ఇది బేరం.

ఫారం కోడి పల్లె వాకిట్ల బతుకదు. కాబట్టి పల్లె కోసం వేరే కోడి కావాలన్నరు. 1988ల రాజేంద్రనగర్ల కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెట్టిన్రు. వనరాజ, గ్రామప్రియ అక్కడివే. వనరాజ మాంసానికి, గుడ్లకు రెండింటికి; వాకిట్ల తిరిగితే నూరు, నూట ఇరవై గుడ్లు పెడుతది. గ్రామప్రియ గుడ్లకు ఇంకా మంచిది. మన పశువైద్య విశ్వవిద్యాలయం ఇచ్చింది రాజశ్రీ. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు పి.వి. నరసింహారావు గారి పేరు. మన మంథని నుంచి 1957 మొదలు ఇరవై ఏండ్లు ఎమ్మెల్యేగ ఉన్న పి.వి. గారే. ఈ కోళ్లు రంగుల ఉంటయ్ కాబట్టి గద్దకు జెప్పున దొరుకవు, పెంట గీకి తింటయ్, నాటుకోడి అనే అంగడిల పోతయ్. గోదావరిఖనిల, ఎన్టీపీసీల జీతాలొచ్చిన వారం నాటుకోడికి ఉండే గిరాకీ మీకు తెలిసిందే. నేను వీటిని తప్పు పట్టుత లేను. చాన ఇండ్లల్ల ఆడోళ్ల చేతిల నాలుగు పైసలు కనబడినయంటె వీటితోనే.

కానీ ఇవి సుత పొదుగుకు ఇంచుమించు కూసోవు. పిల్లలు కావాల్నంటె మళ్ల మిషనే. ఒక్కరోజు పిల్లలను తెచ్చి బల్బుల వేడి కింద నాలుగు వారాల దాక పెంచి, టీకాలు ఏసి, తర్వాత ఇంటింటికి ఇచ్చుడు. బీదోళ్లకు నలభై ఐదు పిల్లల లెక్కన విడతలు విడతలుగ ఇచ్చే కేంద్రం స్కీము సుత వచ్చింది. పిల్లలను నాలుగు వారాలు పెంచే ఆ షెడ్డుకు సర్కారు పెట్టిన పేరు ఏందో తెలుసా? మదర్ యూనిట్. అంటె తల్లి షెడ్డు. తల్లి చేసే పనులల్ల వేడి ఇచ్చుడు, మేత పెట్టుడు అది చేస్తది. మందల కలుపుడు మాత్రం అది చెయ్యలేదు, ఎందుకంటె అక్కడ మందే లేదు. అన్నీ ఒక్కతీరు వయసు పిల్లలు. పెద్ద కోడిని అవి ఏనాడూ చూసినవి కావు. విడతలు విడతలుగ వస్తయంటె ప్రతి విడత పోయినసారి వాటిల్ల కలువాల్సిందే. మా అవ్వకు లేని తిప్పలు మనకు ఎందుకు వచ్చిందో నాకు ఇక్కడ తెలిసింది.

ఇది సగమే. పొడుపులకు మా ఇంట్ల పోయినవి రెండే. మిగిలినయన్ని పోయింది రోగానికి.

ఆ రోగాన్ని మనం కొక్కెర తెగులు అంటం. పుస్తకాలల్ల రాణిఖేత్ అంటరు. 1926ల ఇంగ్లండ్ల న్యూకాజిల్ ఊరి దగ్గర, జావా దీవిల కోళ్లు కుప్పలు కుప్పలుగ సచ్చినయ్. ఏడాది తిరిగేసరికి మన హిమాలయాల్ల రాణిఖేత్ అనే ఊర్ల కనబడ్డది. బయటి దేశాలోళ్లు న్యూకాజిల్ అని, మనోళ్లు రాణిఖేత్ అని పేరు పెట్టుకున్నరు, రోగం ఒక్కటే. 1940లల్ల ముక్తేశ్వర్ల ఉన్న మన పశువుల పరిశోధన సంస్థోళ్లు దీనికి టీకా తీసిన్రు. ఇప్పుడు దవాఖానల ఆర్ టూ బి అని ఏసేది అదే. అది గట్టి టీకా, రెండు నెలల లోపు చిన్న పిల్లలకు ఏస్తె పిల్లలే పోతయ్. అందుకే పిల్లలకు లసోటా అని కంట్ల, ముక్కుల చుక్క ఏస్తరు. లసోటా అంటె మందు పేరు అనుకునేటోన్ని. కాదట, అమెరికాల న్యూజెర్సీల ఒక రైతు ఇంటిపేరట. ఆయన కోళ్లల్ల దొరికిన మెత్తని రకం పురుగుతోని ఆ టీకా తయారైంది. ఎంతమంది రైతుల ఇంటిపేరు ఇట్ల లోకమంత తిరుగుతది చెప్పుండ్రి!

మా అవ్వ కాలంల ఈ రోగం లేకుండెనా? ఉండె. ఎండకాలం వచ్చిందంటె ఊరంత కోళ్లు ఊడ్చుకపోయేటియి. "పోచమ్మ తల్లికి కోపమొచ్చింది" అనేటోళ్లు. కానీ ఒక తేడా ఉన్నది. తల్లి కింద లేచిన పిల్లలు ఆ వాకిట్ల మట్టిలనే, ఆ మంద నడుమనే పెరిగినయ్. అటు నుంచి ఇటు కొత్త రోగం మోసుకొచ్చుడు లేదు. బయటి నుంచి తెచ్చిన పిల్ల రోగం తేవచ్చు. పాత కోడి సుత పైకి మంచిగ కనబడుకుంట లోపల రోగం పెట్టుకొని కొత్తదానికి అంటియ్యచ్చు. రెండు దిక్కుల భయమే. 2006 ఫిబ్రవరిల మహారాష్ట్ర నవాపూర్ల మన దేశంల మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు లక్షల కోళ్లను పూడ్చిపెట్టిన్రు, మన దిక్కు సుత చికెన్ కొనేటోడు లేకుండె. అప్పటి సంది పెద్ద ఫారంలోళ్లు కొత్త కోళ్లను దూరం పెట్టుడు నేర్చుకున్నరు. మనం మాత్రం అంగట్ల కొన్న కోడిని కాళ్లు కట్టి బండికి ఏలాడేసుకొని తెచ్చి సక్కగ మందలనే ఇడుస్తం.

ఇదంత తెలుసుకున్నంక ఈ ఏడాది వానకాలం మళ్ల పన్నెండు పిల్లలను తెచ్చినం. ఈసారి తల్లి చేసే పని మేము చేద్దామనుకున్నం.

ముందు దూరం. పాత కొట్టం అవతల, గాలి అటు నుంచి ఇటు రాని దిక్కు, మూడు వారాలు విడిగ పెట్టినం. వాటి గిన్నె వేరు, నీళ్లు వేరు. ముందు పాతవాటికి మేత ఏసి, తర్వాత కొత్తవాటి దగ్గరికి పోవాలె. అక్కడికెల్లి వచ్చినంక చేతులు, కాళ్లు కడుక్కోవాలె. మా ఇంటామె అక్కడ వేరే చెప్పులు పెట్టింది. మొదట నవ్విన, తర్వాత నేనూ అవే ఏసుకున్న. పశువుల దవాఖానల అడిగి చుక్కల టీకా ఏపిచ్చినం. పాతవాటికి సూది టీకా. టీకా ఏసిన నాడే బలం రాదు, పది పదిహేను దినాలు పడుతది. ఆ లెక్కకు సుత మూడు వారాలు కావాలె.

తర్వాత చూపు. అవ్వ గంప బోర్లేసినట్టు, వాకిట్ల ఒక మూలకు ఇనుప జాలి కట్టి పది దినాలు అండ్ల ఉంచినం. పాతవి చుట్టూ తిరిగినయ్, జాలి మీద ముక్కుతోని కొట్టినయ్. నాలుగో నాటికి ఇడిసిపెట్టినయ్, జాలి పక్కనే గీక్కుంట తిరిగినయ్. అవ్వ గంప సందులు ఎందుకు పనిచేసినయో నాకు అప్పుడు సమజైంది. మూడు దినాలు సరిపోయినయంటె అక్కడ తల్లి ఉండె, ఇక్కడ లేదు, అందుకే మనకు పది.

వయసు సంగతి చెప్పాలె. నెల పిల్లలను ఇడిస్తె పెద్దవాటికి అవి ఆటబొమ్మలే. రెండు నెలలు దాటి ఒళ్లు పట్టినంక కలుపుడు మేలు. ఒక్కటీ రెండూ ఎన్నడు కలుపొద్దు, పొడుపులన్ని దాని మీదనే పడుతయ్. పది పన్నెండు ఉంటె పంచుకుంటయ్. అట్లని పుంజు పిల్లలను ఎక్కువ ఉంచుకుంటె అవి పెరిగినంక కొట్లాట వేరే తీరుగ ఉంటది, వాటిని దసరాకు అమ్ముకునుడే మంచిది.

కలిపింది రాత్రి. పాతవి గూట్ల కర్ర మీద కూసున్నంక, చీకట్ల, కొత్తవాటిని ఒక్కొక్కటి తెచ్చి పక్కన కూసోబెట్టినం. కోడికి చీకట్ల కండ్లు సరిగ కనబడవు, కొట్లాడదు. తెల్లారి లేచేసరికి ఒక్క గూట్లకెల్లే బయటికి వస్తయ్. దీంతోని అంత అయిపోతదని అనుకోకుండ్రి, తెల్లారి పొడుపులు ఉంటయ్, ఉండాలె, వరుస తేలాలె గదా. కాకపోతే ఉరుకనీకి జాగ ఉండాలె. మేము మేత నాలుగు దిక్కుల చల్లినం, నీళ్లు మూడు చోట్ల పెట్టినం, కట్టెల మోపు, పాత మంచం నిలబెట్టి దాక్కునే సందులు చేసినం. కుడితి గోలెం మీద తట్ట బోర్లేసినం, అది మర్వలేదు. గుడ్లు పెట్టే కోళ్లకు ఏసే సున్నం కలిసిన దాణా పిల్లలు తినకుంట చూసుకోవాలె, వాటి మూత్రపిండాలకు చెడుపు అని డాక్టరు చెప్పిండు. మేము అందరికి పిల్లల దాణా పెట్టి, గుడ్లు పెట్టేవాటికి సున్నపు పెంకులు పక్కన గిన్నెల వేరే పెట్టినం, కావల్సినవే తింటయ్.

ఒకదానికి తోక కాడ రక్తం వచ్చింది. రక్తం చూస్తె మిగతావన్ని దాని మీదనే పడుతయ్. ఎంటనే తీసి పసుపు, ఏపనూనె రాసి జాలిల పెట్టినం. పుండు మానినంక మళ్ల రాత్రిపూటనే కలిపినం. పన్నెండింట్ల ఒకదాన్ని పిల్లి ఎత్తుకపోయింది, అది మా జాలి తప్పు. పదకొండు ఉన్నయ్. పొడుపులతోని, రోగంతోని ఒక్కటీ పోలే.

ఇంగ నల్లపెట్ట ముచ్చట. పోయిన ఏడాది మిగిలిన మూడు కొత్త పెట్టలు గుడ్లకు వచ్చినయ్. పుంజు మా పాతదే, అవ్వ కోళ్ల సంతతే. ఆ గుడ్లు పిల్లలైతయ్ గానీ పొదిగేది ఎవరు? మా అక్కోళ్ల ఊరు మంథని అవతల. వాళ్లింట్ల ఒక పెట్ట పొదుగుకు వచ్చిందని దసరాకు పోయినప్పుడు అక్క చెప్పింది. అడిగితె ఇచ్చింది. దాన్ని సుత సక్కగ వాకిట్లకు తేలే. అక్కోళ్ల ఊర్ల కోళ్లకు రోగం లేదని అడిగి తెలుసుకొని తెచ్చి, పాత కొట్టం అవతల్నే ఒక్కదాన్నే కూసోబెట్టినం. పదకొండు గుడ్లు ఏసి, బొగ్గుతోని గీతలు పెట్టింది మా ఇంటామె. పెట్ట దినాంకొక్కసారి లేస్తున్నది, ఇన్ని మక్కలు తిని, నీళ్లు తాగి మళ్ల పోయి కూసుంటున్నది. పోయిన ఆదివారం చీకట్ల టార్చిలైటు పెట్టి చూసినం. రెండు తెల్లగ ఉన్నయ్, తీసేసినం. తొమ్మిదింట్ల నరాలు కనబడ్డయ్. ఇంక ఎనిమిది దినాలు ఉన్నది.